ఈసీజీ నార్మల్, బీపీ మాత్రం 162/98. ఇప్పుడు ఏం టెస్టులు చేయించాలి?

పెందుర్తి_లక్ష్మి
సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా ఆయనకి 44 ఏళ్ళు. షీలానగర్ వైపు ఒక గోడౌన్‌లో సూపర్‌వైజరు. కంపెనీలో ఏడాదికోసారి చేసే చెకప్‌లో బీపీ 162/98 అని రాశారు. ఈసీజీ తీసి నార్మల్ అన్నారు. షుగర్ లేదు. "వెంటనే మాత్ర మొదలెట్టండి" అన్నారట అక్కడున్న కాంపౌండరు. మా వీధి మందుల షాపు అబ్బాయి ఒక స్ట్రిప్పు చేతిలో పెట్టేశాడు కూడా. ఇంకా వేసుకోలేదు.

ఈయనకి తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. "ఈసీజీ నార్మలే కదా, నాకేమీ లేదు" అంటున్నారు. మా అత్తగారేమో "బీపీ మాత్ర ఒకసారి మొదలెడితే ఇక జన్మంతా" అని భయపెడుతున్నారు. ఒక్కసారి చూసిన అంకెతో బీపీ ఉందని తేల్చేయొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉక్కునగరం_వాకర్
సోమవారం, రాత్రి 9:40

అమ్మా, కంగారు పడకు. మా రోజుల్లో వయసుకి వంద కలిపితే ఎంతొస్తే అంత పై బీపీ అనేవారు. నాకు 68. పైది 165 దాకా ఉంటుంది. రోజూ పొద్దున్నే నడుస్తాను, ఒక్క మాత్ర వేసుకోను. ఈ 140లు, 130లు అన్నీ మందులు అమ్ముకునేవాళ్ళ లెక్కలు. ఉప్పు తగ్గించమను, చాలు.

సిస్టర్_మహారాణిపేట
సోమవారం, రాత్రి 10:05

లక్ష్మి గారూ, ముందు ఆ బీపీ ఎలా చూశారో కనుక్కోండి. నేను నర్సుగా చేసి రిటైరయ్యాను. క్యాంపుల్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. వరసలో నిలబడి, మెట్లెక్కి వచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, చొక్కా చెయ్యి పైకి లాగి, దాని మీదే పట్టీ చుట్టేస్తారు. వీపుకి ఆనుకోవడానికి ఏమీ ఉండదు. చెయ్యి కిందకి వేలాడుతుంటుంది. "పేరేంటి, ఏ సెక్షను" అని అడుగుతూనే గాలి కొడతారు. ఇందులో ప్రతి ఒక్కటీ అంకెని పైకి తోసేదే. మాట్లాడుతుంటే ఒక్క దానికే పది పాయింట్ల దాకా పెరగొచ్చు. మూత్రం ఆపుకుని కూర్చున్నా పెరుగుతుంది.

సరిగ్గా చూడాలంటే ఇలా. కాఫీ, టీ, సిగరెట్ అరగంట ముందు నుంచీ వద్దు. బాత్రూముకి వెళ్ళొచ్చి, వీపు ఆనే కుర్చీలో అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. టీవీ, ఫోను ఆ అయిదు నిమిషాలూ బంద్. కాలు మీద కాలు వేసుకోకూడదు, పాదాలు రెండూ నేల మీద ఉండాలి. చెయ్యి బల్ల మీద పెడితే పట్టీ గుండె ఎత్తుకి రావాలి. పట్టీ చర్మం మీదే చుట్టాలి, మోచేతి మడతకి రెండు వేళ్ళు పైన. ఒక నిమిషం ఆగి రెండోసారి చూడాలి. మొట్టమొదటిసారి మాత్రం రెండు చేతులకీ చూడండి. ఏ చేతికి ఎక్కువ వస్తే ఇక ఎప్పుడూ ఆ చేతికే. రెండింటికీ మధ్య తేడా ప్రతిసారీ 15 దాటుతుంటే డాక్టరుకి చెప్పాలి, చేతికి వెళ్ళే రక్తనాళం సన్నబడి ఉండొచ్చు.

జనరల్_ఫిజీషియన్_విశాఖ
సోమవారం, రాత్రి 11:20

డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చాను. సిస్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం, ఆ పద్ధతిలో కొలిస్తేనే నేను రాసే అంకెలకి విలువ.

ఆసుపత్రిలో వేర్వేరు రోజుల్లో చూసినా 140/90, ఆ పైన వస్తుంటే అధిక రక్తపోటు. ఇంట్లో చూసుకుంటే హద్దు ఇంకొంచెం తక్కువ, సగటు 135/85. అమెరికా వాళ్ళు 2017లో 130/80 నుంచే మొదటి దశ అన్నారు. మన దగ్గర చాలామంది డాక్టర్లు 140/90నే పట్టుకుంటారు. ఒక్క రీడింగుతో తేల్చం. మినహాయింపు ఏమిటంటే, 180/120 దాటి, దానితో పాటు గుండె నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం ఉంటే అది ఇంట్లో కూర్చుని లెక్కలు రాసుకునే కేసు కాదు, ఎమర్జెన్సీ.

మీ ఆయనది ఆ పరిస్థితి కాదు. పై చేతికి చుట్టే ఆటోమేటిక్ మిషన్ తీసుకోండి, మణికట్టుది వద్దు. ఒక వారం పాటు పొద్దున టిఫిన్‌కి ముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు చూసి రాయండి. మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. ఆసుపత్రిలో ఎక్కువ, ఇంట్లో మామూలు అయితే తెల్లకోటు బీపీ. దానికి తిరగబడ్డ రకం కూడా ఉంది: డాక్టరు ముందు 128, ఇంట్లో, పనిలో 150. అది ఎవరికీ దొరక్కుండా తిరుగుతుంది, అందుకే ఎక్కువ ప్రమాదం. అనుమానంగా ఉంటే 24 గంటల మిషన్ పెడతాం. నిద్రలో బీపీ తగ్గుతోందా లేదా అన్నది దానిలోనే తెలుస్తుంది.

తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదు అనుకోవద్దు. చాలామందికి ఏ బాధా ఉండదు. కిడ్నీ దెబ్బతిన్నాకో, పక్షవాతం వచ్చాకో బయటపడుతుంది.

ఇక ఈసీజీ. అది పది సెకన్ల పాటు గుండెలో తిరిగే కరెంటు రికార్డు, అంతే. బీపీ ఉందో లేదో అది చెప్పదు. కదలకుండా పడుకున్నప్పుడు తీస్తే నాళాల్లో 70 శాతం బ్లాకు ఉన్నా నార్మల్‌గానే రావొచ్చు. ఇంటి వైరింగ్ బాగుందని చూసి నీళ్ళ పైపులు కూడా బాగున్నాయని చెప్పలేం కదా.

లక్ష్మి గారూ, రెండు ప్రశ్నలు. ఆయన గురక పెడతారా? నొప్పి మాత్రలు ఏమైనా వాడుతున్నారా?

ఉక్కునగరం వాకర్ గారూ, వయసుకి వంద కలిపే లెక్క ఎప్పుడో పోయింది. వయసుతో పై అంకె పెరగడం మామూలుగా కనిపించే విషయమే, కానీ కనిపించేదంతా ఆరోగ్యం కాదు. నడిచేటప్పుడు ఛాతీలో ఏమైనా పట్టేసినట్టు ఉంటుందా మీకు?

పెందుర్తి_లక్ష్మి
మంగళవారం, ఉదయం 6:50

డాక్టరు గారూ, గురకా! పక్క గదిలో పిల్లలు లేచి కూర్చుంటారు. మధ్యలో ఊపిరి ఆగినట్టయి, ఒక్కసారి గట్టిగా పీల్చి మళ్ళీ మొదలెడతారు. పగలు బస్సు ఎక్కితే చాలు నిద్ర. నడుం నొప్పికి షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుంటారు, దాదాపు రోజూ. డైక్లో అని ఏదో ఉంది స్ట్రిప్పు మీద. దీనికీ బీపీకీ సంబంధం ఉందా?

జనరల్_ఫిజీషియన్_విశాఖ
మంగళవారం, మధ్యాహ్నం 2:15

ఉంది, రెండింటికీ. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి, బీపీని పెంచుతాయి, కిడ్నీకి కూడా మంచివి కావు. నిద్రలో ఊపిరి ఆగడం స్లీప్ ఆప్నియా కావొచ్చు. మందులకి లొంగని బీపీ వెనకాల అది చాలాసార్లు దాక్కుని ఉంటుంది. రాత్రంతా చేసే నిద్ర పరీక్షతో తేలుతుంది.

చిన్న వయసులో బీపీ వస్తే "టెన్షన్ వల్ల" అని ఊరుకోకూడదు, కారణం వెతకాలి. చేయించాల్సినవి: క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), సోడియం, పొటాషియం, మూత్రంలో అల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి జారే ప్రోటీన్), షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్. ఇవన్నీ మామూలు ల్యాబుల్లో అయ్యేవే. ఏ మందూ వాడకుండానే పొటాషియం తక్కువగా ఉంటే కిడ్నీ మీద ఉండే అడ్రినల్ గ్రంథి వైపు చూడాలి. కంటి వెనక పొర కూడా ఒకసారి చూపించండి. బీపీ రక్తనాళాలని ఏం చేసిందో నేరుగా చూడగలిగే చోటు అది.

సోంపేట_టు_విశాఖ
మంగళవారం, మధ్యాహ్నం 3:30

డాక్టరు గారు క్రియాటినిన్ అన్నారు కాబట్టి ఒక మాట. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా వైపు కవిటి, సోంపేట, కంచిలి, పలాస మండలాల్లో బీపీ, షుగర్ పెద్దగా లేకపోయినా కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు ఊరూరా ఉన్నారు. బీపీ బాగుంది, కాబట్టి కిడ్నీ బాగుంటుందనుకుంటే మా దగ్గర కుదరదు. విశాఖలో స్థిరపడిన మా వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, బీపీ ఎంతున్నా సరే క్రియాటినిన్ చూపించుకోండి. నొప్పి మాత్రలు మా ఊళ్ళో పప్పు బెల్లాల్లా మింగుతారు, అదో పెద్ద బాధ.

అనకాపల్లి_బెల్లం
మంగళవారం, రాత్రి 8:10

ఈసీజీ నార్మల్ అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా అమ్మకి 61, షుగర్ ఉంది. ఒక రోజు సాయంత్రం పొట్ట పైభాగంలో మంట, రెండు వాంతులు, చీర తడిసేంత చెమట. ఛాతీ నొప్పి అని ఒక్కసారీ అనలేదు. దగ్గర్లో ఉన్న ఒక నర్సింగ్ హోముకి తీసుకెళ్ళాం. ఈసీజీ తీసి, "నార్మల్, గ్యాస్" అని ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. ఇంటికొచ్చినా చెమట ఆగలేదు. మా పిన్ని పట్టుబట్టి విశాఖ తీసుకెళ్ళమంది. అక్కడ మళ్ళీ ఈసీజీ తీస్తే గుండె కింది గోడ దెబ్బతింటున్నట్టు కనిపించింది, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష పాజిటివ్. రాత్రికి రాత్రి స్టెంట్ వేశారు. ఇప్పుడు బాగుంది. కానీ మొదటిసారి అరగంట కూర్చోబెట్టి రెండో ఈసీజీ తీసుంటే ఏం పోయేది?

జనరల్_ఫిజీషియన్_విశాఖ
మంగళవారం, రాత్రి 9:45

ఏమీ పోయేది కాదు, అదే పద్ధతి. ఛాతీ బాధతో వచ్చిన మనిషికి పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలి. అది మామూలుగా ఉండి బాధ ఆగకపోతే 15, 30 నిమిషాలకి మళ్ళీ తీయాలి. ట్రోపోనిన్ కూడా అంతే. గుండె కండరం దెబ్బతిన్నాక అది రక్తంలోకి రావడానికి సమయం పడుతుంది. మొదటి గంటలో నెగెటివ్ వచ్చిందని ఇంటికి పంపకూడదు, కొన్ని గంటలాగి రెండోది చూడాలి.

షుగర్ ఉన్నవాళ్ళు, ఆడవాళ్ళు, పెద్దవయసువాళ్ళు సినిమాలో చూపించినట్టు ఛాతీ పట్టుకుని పడిపోరు. ఆయాసం, చల్లటి చెమట, దవడ లాగడం, రెండు భుజాల మధ్య వీపు నొప్పి, అకారణంగా నీరసం. బొడ్డు పైన ఎక్కడ బాధ మొదలైనా, దానికి చెమట తోడైతే గుండె కాదని తేలేదాకా గుండె అనే అనుకోండి.

అలాంటప్పుడు 108కి ఫోన్ చేయండి, బండి మీద వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరకండి. ఆస్పిరిన్ పడనివాళ్ళు, రక్తస్రావం సమస్య ఉన్నవాళ్ళు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్ర నమిలించండి. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్రం ఎవరిదో తీసుకుని పెట్టేయకండి. బీపీ తక్కువున్నా, గుండె కుడి భాగం దెబ్బతిన్నా, మగతనం మాత్రలు వేసుకుని ఉన్నా అది బీపీని పాతాళానికి తోసేస్తుంది. గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ మన రాష్ట్రంలో చాలా ప్రభుత్వాసుపత్రుల్లోనే ఉచితంగా ఇస్తున్నారు. అరకు, పాడేరు వైపు వాళ్ళు విశాఖ చేరేదాకా ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రిలో ముందు ఈసీజీ తీయించుకోండి. యాంజియోప్లాస్టీ (మూసుకున్న నాళం తెరిచి స్టెంట్ వేయడం) రెండు గంటల్లో అందదనుకుంటే ఆ ఇంజెక్షనే ప్రాణం కాపాడేది.

నిర్వాహకుడు
మంగళవారం, రాత్రి 10:30

వారంలో బ్లాకులు కరిగించే పొడి, వాట్సాప్ నంబరుతో సహా అమ్మకానికి పెట్టిన ఒక పోస్టు తొలగించాను. ఇది రెండోసారి. మూడోసారి ఉండదు.

ఎంవీపీ_సుధ
బుధవారం, ఉదయం 7:25

మా నాన్నగారికి పుట్టినరోజుకి స్మార్ట్ వాచీ కొన్నాం. నిన్న అది "గుండె లయ సరిగ్గా లేదు" అని చూపించింది. ఆయనకి దడ లేదు, ఏమీ లేదు. వయసు 72. ఇంట్లో బీపీ మిషన్‌తో చూస్తే ఒకసారి 150, వెంటనే 118, మళ్ళీ 139. మిషన్ పాడైందా?

సిస్టర్_మహారాణిపేట
బుధవారం, ఉదయం 8:00

మిషన్ పాడవకపోవచ్చమ్మా. ఆయన మణికట్టు మీద, బొటనవేలి వైపు మూడు వేళ్ళు ఆనించి ఒక నిమిషం నాడి చూడు. రెండు తొందరగా, ఒకటి ఆగి, ఒకటి గట్టిగా, ఒకటి అసలు అందకుండా, ఏ వరసా లేకుండా కొడుతుంటే అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావొచ్చు. అప్పుడు ఆటోమేటిక్ మిషన్ తికమక పడుతుంది, అంకెలు అలాగే ఊగుతాయి. స్టెతస్కోపు పెట్టి చేత్తో చూడాలి, అదీ రెండు మూడుసార్లు. వాచీ అనుమానం చెబుతుంది, ఆసుపత్రి ఈసీజీ ఖాయం చేస్తుంది. ఆ సమయానికి లయ సర్దుకుంటే 24 గంటలో, ఇంకా ఎక్కువో హోల్టర్ (ఒంటికి తగిలించి ఉంచే చిన్న ఈసీజీ మిషన్) పెడతారు. ఆలస్యం చేయకు. ఈ లయ తప్పినవాళ్ళకి గుండె పై గదిలో రక్తం గడ్డకట్టి మెదడుకి పోతుంది. పక్షవాతం ముప్పు దాదాపు అయిదు రెట్లు.

ఒక మాట, చిన్నప్పుడు గొంతు నొప్పి, కీళ్ళ వాపులు వచ్చాయేమో అడుగు. మన వైపు రుమాటిక్ జ్వరం వల్ల కవాటం సన్నబడి లయ తప్పినవాళ్ళని చాలామందిని చూశాను. కాన్పుకి వచ్చి ఆయాసంతో బయటపడిన అమ్మాయిలూ ఉన్నారు. ఎకో (గుండె స్కానింగ్) తీస్తే తేలిపోతుంది. రక్తం పలచబడే మందు ఏది వాడాలన్నది కూడా దాన్ని బట్టే మారుతుంది.

భీమిలి_బాబ్జీ
బుధవారం, మధ్యాహ్నం 1:10

నాదీ ఒక డౌటు. బీపీకి ఆమ్లోడిపిన్ మొదలెట్టాక సాయంత్రానికి రెండు చీలమండలూ వాస్తున్నాయి. గుండె ఫెయిలయితే కాళ్ళు వాస్తాయని మా బావ అన్నాడు. రాత్రి నిద్ర లేదు గురూ. నిద్ర లేకపోవడం భయం వల్లే, ఆయాసం వల్ల కాదు, అది ముందే చెప్తున్నా.

జనరల్_ఫిజీషియన్_విశాఖ
బుధవారం, రాత్రి 10:10

బాబ్జీ గారు అడగకముందే సగం జవాబు చెప్పేశారు. ఆమ్లోడిపిన్ వాపు చీలమండల దగ్గరే, సాయంత్రానికి పెరిగి, పొద్దుటికి తగ్గుతుంది. ఆయాసం ఉండదు. డోసు తగ్గిస్తేనో, మందు మారిస్తేనో పోతుంది. మీరే మానేయకండి, రాసినవాళ్ళకి చెప్పండి. గుండె బలహీనత అయితే వాపుతో పాటు నడిస్తే ఎగశ్వాస, వెల్లకిలా పడుకోలేక రెండు మూడు దిండ్లు పెట్టుకోవడం, అర్ధరాత్రి ఊపిరాడక లేచి కిటికీ దగ్గరికి వెళ్ళడం, మూడు రోజుల్లో రెండు కిలోలు బరువు పెరగడం ఉంటాయి. అనుమానం ఉంటే ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష, ఎకో. ఎకోలో పంపింగ్ 60 శాతం, అంటే మామూలుగా ఉందని రాసినా గుండె బలహీనత ఉండొచ్చు. ఏళ్ళ తరబడి బీపీతో గోడ మందమై బిగుసుకుపోయిన గుండె నొక్కగలదు కానీ వదులై రక్తంతో సరిగ్గా నిండలేకపోతుంది. పెద్దవయసు ఆడవాళ్ళలో ఇదే ఎక్కువ.

గోపాలపట్నం_కిరణ్
గురువారం, ఉదయం 9:05

అందరూ ఎక్కువ బీపీ గురించే రాస్తున్నారు. మా తాతయ్య పొద్దున్నే మంచం దిగగానే తూలిపోతున్నారు. కూర్చుని చూస్తే 132/78. ప్రోస్టేట్ మాత్ర, బీపీ మాత్ర రెండూ రాత్రి వేసుకుంటారు.

సిస్టర్_మహారాణిపేట
గురువారం, ఉదయం 9:50

కూర్చోబెట్టి చూస్తే దొరకదు బాబూ. అయిదు నిమిషాలు పడుకోబెట్టి చూడు, తర్వాత లేపి నిలబెట్టి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో చూడు. నువ్వు పక్కనే పట్టుకుని ఉండు. పైది 20, లేదా కిందిది 10 తగ్గితే నిలబడినప్పుడు పడిపోయే బీపీ. ప్రోస్టేట్ మందులు, నీరు పోయే మాత్రలు, పాత షుగరు, మన వైశాఖం ఉక్కపోతలో నీళ్ళు తాగకపోవడం, అన్నీ కారణాలే. నాడి కూడా చూడు. నిమిషానికి 40 లోపు ఉండి సొమ్మసిల్లుతుంటే అది వేరే కథ, హార్ట్ బ్లాక్ కావొచ్చు, వెంటనే ఈసీజీ. పనిచేస్తూనో, పరిగెడుతూనో స్పృహ తప్పినా అంతే, ఎకో తీయాల్సిందే.

ఉక్కునగరం_వాకర్
గురువారం, రాత్రి 8:30

డాక్టరు గారు నన్నొక ప్రశ్న అడిగారు. ఛాతీలో నొప్పి లేదు. కైలాసగిరి మెట్లెక్కితే సగంలో ఇక్కడ, ఎముక మధ్యలో, బరువుగా ఉంటుంది. రెండు నిమిషాలు నిలబడితే పోతుంది. వయసు కదా. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు ఎప్పుడూ మానలేదు, ఈసారీ వెళ్తాను.

జనరల్_ఫిజీషియన్_విశాఖ
గురువారం, రాత్రి 8:42

వాకర్ గారూ, అది వయసు కాదు. శ్రమ పడితే రావడం, ఆగితే తగ్గడం, ఛాతీ మధ్యలో బరువు: ఆంజైనా, అంటే గుండెకి రక్తం చాలక వచ్చే బాధ, ఇదే. ఎంత దూరానికి వస్తోందో గమనించండి. ముందు రెండో మలుపులో వచ్చేది ఇప్పుడు మొదటి మలుపులోనే వస్తుంటే, లేదా ఊరికే కూర్చున్నా వస్తుంటే, ఆ రోజే ఆసుపత్రికి. అలాంటి స్థితిలో టీఎంటీ (నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష) బెల్టు మీద పరిగెత్తించకూడదు కూడా. అలా కాకపోతే రేపే కార్డియాలజీ ఓపీలో చూపించుకోండి. ఈసీజీ, ఎకో చూసి, టీఎంటీయా, సీటీ యాంజియోనా (స్కానింగ్‌లో గుండె నాళాలు చూడటం), నేరుగా యాంజియోగ్రామా (నాళంలోకి గొట్టం పంపి చూడటం) అన్నది వాళ్ళు తేలుస్తారు. అప్పటిదాకా కొండెక్కకండి. అప్పన్నస్వామికి ఈ సంగతి అర్థమవుతుంది.

పెందుర్తి_లక్ష్మి
తర్వాతి బుధవారం, రాత్రి 9:30

వారం లెక్క రాశాం. సిస్టర్ గారు చెప్పినట్టే కూర్చోబెట్టి చూశాను. సగటు 144/92 వచ్చింది. తెల్లకోటు బీపీ కాదు, బీపీ ఉంది. క్రియాటినిన్, పొటాషియం బాగున్నాయి. మూత్రంలో అల్బుమిన్ కొంచెం ఎక్కువ. చూసిన డాక్టరు నొప్పి మాత్రలు పూర్తిగా ఆపించి, బీపీకి ఒక మాత్ర మొదలెట్టి, నిద్ర పరీక్షకి రాశారు. షాపు అబ్బాయి ఇచ్చినది కాదు, అల్బుమిన్ చూసి ఎంచుకున్న వేరే రకం. పొడి దగ్గు వస్తే చెప్పమన్నారు. "ఇక జన్మంతానా" అని మా అత్తగారే అడిగారు. బరువు, గురక తగ్గితే డోసు తగ్గొచ్చు, కానీ మీ అంతట మీరు మానొద్దన్నారు. ఇంట్లో ఎండుచేపలు, మాగాయ కొన్నాళ్ళు అటక మీదకి వెళ్ళాయి.

ఉక్కునగరం_వాకర్
తర్వాతి శనివారం, ఉదయం 11:00

యాంజియో అయింది. ఎడమ వైపు పెద్ద నాళంలో 85 శాతం. స్టెంట్ వేశారు. బీపీకి రెండు మాత్రలు ఇచ్చారు. వయసుకి వంద లెక్క గురించి నా వాదన వేరే థ్రెడ్‌లో రాస్తాను.

ఎంవీపీ_సుధ
తర్వాతి శనివారం, మధ్యాహ్నం 12:20

అంకుల్, ముందు రెస్ట్ తీసుకోండి, థ్రెడ్ ఎక్కడికీ పోదు. నాన్నగారికి ఈసీజీలో ఫిబ్రిలేషన్ ఖాయమైంది. ఎకోలో కవాటాలు బాగున్నాయి, రక్తం పలచబడే మందు మొదలెట్టారు. సిస్టర్ గారూ, ఇంకొకటి. మా అమ్మ చెయ్యి లావు. మిషన్‌తో వచ్చిన పట్టీ చుట్టుకుంటుంది గానీ, గాలి ఎక్కగానే పట్టు ఊడిపోతుంది. అలాగే చూడొచ్చా?

సిస్టర్_మహారాణిపేట
తర్వాతి శనివారం, మధ్యాహ్నం 1:05

వద్దు. పట్టీ చిన్నదైతే లేని బీపీ చూపిస్తుంది. టేపుతో మోచేతికీ భుజానికీ మధ్య చుట్టుకొలత తీసుకో, పట్టీ మీద రాసిన సెంటీమీటర్ల హద్దులో పడాలి. పెద్ద సైజు పట్టీ విడిగా దొరుకుతుంది, కానీ మీ మిషన్ కంపెనీదే అడుగు, వేరేది గొట్టం దగ్గర అతకదు. సర్జికల్ షాపుకి మిషన్ కూడా పట్టుకెళ్ళు, అక్కడే తగిలించి చూసుకుని కొనుక్కో.